సగం పడుగు

ఆ పెద్ద జ్వరం మా సాలెవీధికి పడుగు మీదే వచ్చింది. మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఎనిమిది మంది అటూ ఇటూ నిలబడి కుంచెలతో దువ్వాలి. నడుమ ఆపితే గంజి ఎండి పోగులు అతుక్కుపోతాయి. అందుకే ఒళ్లు కాలిపోతున్నా మా తాత దగ్గుతూనే కుంచె లాగాడు. వారం తిరక్కముందే ఆ ఎనిమిది మందిలో ముగ్గురు పోయారు, మా తాతతో సహా. నూలు మీదున్న ధ్యాస ప్రాణం మీద లేకపోయిందే అని నాకిప్పటికీ కోపమే.

మరుసటి చలికాలం మగవాళ్లు మళ్లీ పొడుగు పడుగు చాచబోతే మా అవ్వ అడ్డం నిలబడింది.

“జ్వరం పొయ్యింది గదవ్వా,” అన్నారు వాళ్లు.

“యాడికి పోతాదప్పా? ఈడే ఉండాది. చలి పడితే మళ్లా వస్తాది. సగం పడుగు ఎయ్యండి, ఇద్దరు చాలు. దగ్గొచ్చినోడు ఇంటికి పోతే ఇంకొకడు ముగిస్తాడు.”

పొట్టి పడుగులైతే ప్రతిదాని కొసనా నూలు దండగని నవ్వారు. జ్వరం నిజంగానే తిరిగొచ్చాక నవ్వు మానేశారు. అప్పటినుంచి అది ఏటా వచ్చేది, వీధంతా సగం పడుగే వేసేది. అక్షరం ముక్క రాని మనిషికి ఎంత ముందుచూపు!

అవ్వ పోయిన చాలా ఏళ్లకు, రాయచోటి నుంచి వచ్చిన షావుకారొకడు చలికాలం పడుగెందుకు పొట్టిగా ఉందని అడిగాడు.

“చలికి గంజి తొందరగా ఆరదు సామీ,” అన్నాడు కుంచె పట్టిన పడుచువాడు.

నాకు ఒళ్లు మండింది. అసలు సంగతి చెప్పబోయాను. ఇంతలో వాడికి దగ్గొచ్చింది. ఎవరూ చెప్పకుండానే కుంచె అరుగు మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.