మావులో పడ్డ శీలావతి

అమలమ్మ వేళ్ళు చూస్తే చాలు, పదకొండేళ్ళు ఐసులో నానాయని ఎవరైనా చెప్పేస్తారు. తెల్లవారుజామున అయిదింటికి రొయ్యల కంపెనీ బస్సు గట్టు మీదికొచ్చి హారన్ కొట్టడం, ఆవిడ దోనె నెట్టుకుంటూ వెళ్ళి ఎక్కడం, రోజంతా ఐసు తొట్టి ముందు నిలబడి రొయ్యల తలలు తియ్యడం, పొద్దు గుంకాక ఇల్లు చేరడం. వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ నోటికి మాత్రం ఏ ఢోకా రాలేదు. కొల్లేటి మధ్య జువ్వలంకలో ఆ నోటికి జడవనివాళ్ళు లేరు, మొగుడు అంతోనితో సహా.

ఆ నోటితోనే మొన్న నవంబరులో సూపర్‌వైజరుకి చెప్పింది. "రెండు వారాలు సెలవివ్వండి. ఆపై సోమవారం వస్తే నేనొస్తాను, లేకపోతే నా గ్లౌజులొస్తాయి."

ఆ ధైర్యానికి కారణం పాల్. విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర చిన్న ఆఫీసు పెట్టుకుని, పట్నంవాళ్ళని పల్లెటూరి ఇళ్ళల్లో ఒక రాత్రి ఉంచి తీసుకెళ్ళే కుర్రాడు. అమలమ్మ ఇల్లు, వాకిట్లోంచి కనబడే నీళ్ళు చూసి ముచ్చటపడ్డాడు. "ముందు ఒక్క కుటుంబాన్ని పంపిస్తాను పిన్నిగారూ. బాగుందన్నారా, వారం వారం మనుషులొస్తారు. పెదవి విరిచారా, మీ పేరు తీసేస్తాను. ఏమీ అనుకోకండి" అన్నాడు. మళ్ళీ ఐసులో చేతులు పెట్టాలా వద్దా అన్నది ఆ ఒక్క రాత్రి తేల్చాలన్నమాట.

శనివారం సాయంత్రం దిగారు వాళ్ళు. వన్ టౌన్‌లో కాటాల దుకాణం నడిపే ఇస్సాక్, ఆయన భార్య సుగ్రా, డిగ్రీ చదివే కూతురు సనోబర్. దోనెలో ఉన్నంతసేపూ సుగ్రా రెండు అంచులూ పట్టుకుని కళ్ళు మూసుకునే కూర్చుంది. ఒడ్డుకి చేరాక కళ్ళు తెరిచి, నీళ్ళ మీద వాలుతున్న కొంగల్ని చూసి, ఇంతసేపూ ఎందుకు మూసుకున్నానా అని తనను తానే తిట్టుకుంది. అక్కడికి సగం గెలిచాననుకుంది అమలమ్మ.

రాత్రి జెల్లల పులుసు పెట్టింది. "కోడికైతే మీ పద్ధతి వేరు కదండీ, అందుకే ఆ జోలికి పోలేదు. చేపకి ఏ పేచీ లేదు" అంది. ఇస్సాక్ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. భోజనాలయ్యాక అమలమ్మా అంతోనీ జపమాల చెప్పుకుంటుంటే, పక్క గదిలో వాళ్ళు నమాజు చేసుకున్నారు. పొద్దున్నే మావులు ఎత్తడానికి వెళ్దామని చెప్పి అందరినీ పడుకోబెట్టింది.

మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బుట్ట. మూతి దగ్గర పుల్లలు లోపలికి వంగి ఉంటాయి. చేప లోపలికి పోవడమే గానీ వెనక్కి రావడం ఉండదు. పట్టిన చేపని తీసుకోవడానికి వెనక మూతి కంటే వెడల్పాటి తలుపు. అమలమ్మకి పన్నెండు మావులున్నాయి, పన్నెండూ తన చేత్తో అల్లినవే.

ఆదివారం పొద్దున్నే దోనె మొదటి మావు దగ్గర ఆగింది. తాడు లాగమని సనోబర్‌కి ఇచ్చింది అమలమ్మ. పిల్ల లాగింది, బరువుకి తూలింది. బుట్ట పైకి రాగానే లోపల తళతళమంటూ రెండు కిలోల చేప ఎగిరెగిరి పడింది.

"యా అల్లా! ఎంత పెద్దదో!" అని సుగ్రా చప్పట్లు కొట్టింది. సనోబర్ అప్పటికే ఫోను తీసి వీడియో పడుతోంది. ఇస్సాక్ ఆనందం చూడాలి, చేప తానే పట్టినట్టు నవ్వుతున్నాడు.

అమలమ్మ మాత్రం నవ్వలేదు. అది శీలావతి. గట్టవతల చెరువుల్లో పెంచే చేప. పైగా తన మావు మూతి పిడికిలి పట్టేంత, ఆ చేప నడుము రెండు పిడికిళ్ళంత లావు. గెడ పట్టుకుని దోనె వెనక నిలబడ్డ అంతోని వైపు చూసింది. అంతోని ఎన్నడూ చూడనట్టు ఆకాశంలో కొంగల్ని చూస్తున్నాడు. నిన్న అతను ఫోనులో పాల్‌తో గుసగుసలాడటం గుర్తొచ్చింది ఆవిడకి. ఒళ్ళు మండిపోయింది.

నోరు మూసుకుంటే పని అయిపోయినట్టే. బాగుందని చెప్పడానికి వీళ్ళకి ఇంకేం కావాలి? సోమవారం బస్సుతో పని లేదు. అయినా ఆవిడకి అవమానంగానే ఉంది. పన్నెండు మావులు అల్లిన మనిషిని, మూతికీ చేపకీ తేడా తెలీనిదాన్ని చేశాడు ఈ మొగుడు.

"సనోబరమ్మా, వీడియో ఆపకు" అంది. చేపని బయటికి తీసి, దాని తల మూతికి ఆనించి చూపించింది. "ఇది ఇందులోకి ఎలా దూరిందో మీరే చెప్పండి. దూరలేదు. మా ఆయన వెనక తలుపు తీసి పెట్టాడు. మీరు సంతోషిస్తారని."

సుగ్రా చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇస్సాక్ ముఖంలో నవ్వు పోయింది. "మరి రాత్రి పులుసు?" అన్నాడు నెమ్మదిగా. అమలమ్మకి అదే గుండెల్లో గుచ్చుకుంది. అయినా కళ్ళు దించలేదు.

"అది కొల్లేటి జెల్ల. శుక్రవారం నేను పట్టాను. ఇంకా పదకొండు మావులున్నాయి. ఏది ఎత్తమంటారో మీరే వేలు పెట్టి చూపించండి, ఇస్సాక్ గారూ."

"ఖాళీగా వస్తే?"

"వస్తే రానీండి. కాటాలో ఏమీ పెట్టకుండానే ముల్లు కదిలితే మీరు ఒప్పుకుంటారా?"

ఇస్సాక్ ఆవిడ వైపు ఒక్క క్షణం చూసి, దూరంగా తుంగ పక్కనున్నదాన్ని చూపించాడు. ఎత్తితే ఖాళీ. మరోటి చూపించాడు. అదీ ఖాళీ, ఒక నత్త తప్ప. మూడోదాన్ని సుగ్రా చూపించింది. అందులో గుప్పెడు చేదుపరిగెలు, రెండు మట్టగిడసలు. సుగ్రా ఈసారి చప్పట్లు కొట్టలేదు. వంగి ఒక్కొక్కదాని పేరూ అడిగింది. అమలమ్మ చెప్పింది. ఆ గుప్పెడూ వేపుడు చేస్తే మనిషికి రెండు ముక్కలొచ్చాయి. శీలావతిని పొరుగింటికి ఇచ్చి పంపింది, అదీ అంతోని చేతే.

వాళ్ళు వెళ్ళేటప్పుడు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఇస్సాక్ చేతులు జోడించాడు, అంతే. ఆ మధ్యాహ్నమంతా అంతోని ఇంట్లో మనిషి ఉన్నట్టే తెలీకుండా మసిలాడు. అమలమ్మ గ్లౌజులు ఉతికి ఆరేసింది. దేనికైనా మంచిదని.

సాయంత్రం పాల్ ఫోను చేశాడు. "పిన్నిగారూ, ఏం చేశారండీ! ఆ పిల్ల వీడియో పెట్టేసింది. చేపని మూతికి ఆనించి చూపించారే, అది. ఇప్పటికి ముగ్గురు ఫోన్ చేశారు, ఆ బుట్టలావిడ ఇంటికే వెళ్తామని. ఖాళీ బుట్ట ఎత్తడానికి ఇంత దూరం వస్తామంటారేంటండీ?"

"రమ్మను. చేపలు పడితే పులుసు, పడకపోతే పప్పు. ఆ మాట ముందే చెప్పి మరీ పంపించు" అంది అమలమ్మ. "ఇంకోటి పాల్. మా ఆయనకి నువ్వు ఫోన్ చెయ్యకు."

సోమవారం అయిదింటికి గట్టు మీద హారన్ మోగింది. అమలమ్మ దోనె నెట్టుకుంటూ వెళ్ళింది, ఎప్పటిలాగే. బస్సు కిటికీలోంచి కంపెనీలో తనతో పనిచేసే శౌరమ్మ, "ఎక్కవే, ఆలస్యమవుతోంది" అని కేకేసింది. అమలమ్మ గ్లౌజులు మడిచి ఆమె చేతిలో పెట్టింది.

"వచ్చే నెల ఎవరూ రాకపోతే ఏం చేస్తావే?" అంది శౌరమ్మ.

"వస్తారు" అంది అమలమ్మ.

ఇంటికొచ్చేసరికి అంతోని మావులన్నీ వాకిట్లో వరసగా పెట్టి, తల వంచుకుని పుల్లలు సరిచేస్తున్నాడు. "శనివారానికి ఎన్ని వెయ్యమంటావు?" అన్నాడు.

"పన్నెండూ వెయ్యి" అంది అమలమ్మ. అన్నాక లోపల్నుంచి దారపుకండె తెచ్చి, పన్నెండు మావుల వెనక తలుపులకీ తన చేత్తోనే ముడి వేసింది.