బొంతకు వేసిన అంచు

ఇరవై రెండేళ్ళుగా నా బీరువా కింది అరలో ఒక లుంగీ ఉంది. పావుకిలో బరువు కూడా ఉండదు. అయినా ఆ అర తెరవాల్సి వచ్చినప్పుడల్లా నా చేయి ఆగిపోతుంది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీరు మా వాళ్ళెవరూ కాదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పాల్సిన మనిషి పోయిన నెలలో చనిపోయింది. ఆమె మా అవ్వ, నన్నూ అన్ననూ కన్నతల్లి.

అవ్వ బొంతలు కుట్టేది. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్ళో ఎవరింట్లో పాప పుట్టినా పాత చీరలు తెచ్చి ఆమె ముందు పెట్టేవాళ్ళు. అన్నిటికీ సరే అనేది కానీ అంచు గుడ్డ దగ్గర మాత్రం ఎవరి మాటా వినేది కాదు. అంచు బాగా వాడిన గుడ్డే అయి ఉండాలి, బలం మాత్రం పోయి ఉండకూడదు. కొత్త గుడ్డ వేస్తే మొదటిసారి వేడినీళ్ళు తగలగానే అది కుదించుకుపోయి బొంతంతా ముడతలు పడుతుంది. లోపలి చీరలు అప్పటికే ఎన్నోసార్లు ఉతికినవి కాబట్టి కదలవు. కదిలేది అంచే. చినగడంలోనూ ముందుండేది అంచే. అన్న, నేను చిన్నప్పుడు ఒకే బొంత కింద పడుకుని చెరో వైపు గుంజుకునేవాళ్ళం. ఆ బొంతకు అవ్వ ఎన్నిసార్లు అంచు మార్చిందో.

అన్న దుబాయి పోయాడు. మూడో ఏట అక్కడే గుండె ఆగి చనిపోయాడు. శవపెట్టెతో పాటు ఒక సంచి వచ్చింది. అందులో రెండు చొక్కాలు, ఒక నీలం గళ్ళ లుంగీ. పోయినవాళ్ళ బట్టలు ఉంచుకోని పద్ధతి ప్రకారం చొక్కాలు ఇచ్చేశాం. లుంగీని మాత్రం అవ్వ ఇవ్వనివ్వలేదు. అన్న కూతురికి అప్పుడు మూడేళ్ళు. తండ్రిని చూసిన గుర్తు లేదు. ఆ పిల్లకు బొంత కుట్టి, ఈ లుంగీ అంచు వేస్తానంది.

"పోరి గదువ కింద వాని గుడ్డ ఉండాలె," అంది. కప్పుకుంటే గడ్డానికి ఆనేది అంచే కదా. తర్వాత లుంగీని నా చేతిలో పెట్టింది. "నాతోని కాదు బిడ్డా. వాని గుడ్డను రాయి మీద ఎట్ల బాదుత? నువ్వే ఉతికి తే."

నేను అప్పటికే కరీంనగర్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను. లుంగీ తెచ్చుకున్నాను. బకెట్‌లో నీళ్ళు పట్టాను. ముంచబోయే ముందు ముఖానికి ఆనించుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. అన్న అందులో ఉన్నాడు. చెమట, బీడీ, తలకు రాసే నూనె. ఉతికితే ఇది పోతుంది. పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

ఉతకలేదు. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి బీరువాలో పెట్టాను. బజారుకు పోయి అలాంటి నీలం గళ్ళ లుంగీనే వెతికి కొన్నాను. చన్నీళ్ళలో రెండుసార్లు ఉతికి, పాతదానిలా కనబడాలని రాయి మీద రుద్దాను. అవ్వకు అప్పటికే చూపు మందగించింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

అవ్వ దాన్ని ఒళ్ళో పరుచుకుని వేళ్ళతో తడిమింది.

"ఏందే, కొత్తదాని లెక్క చేసినవ్! ఉతికినవా, ఇస్త్రీ దుకాణంల ఇచ్చినవా?"

"నేనే ఉతికిన అవ్వా."

"పుస్తకాలోళ్ళ ఉతుకుడు గిట్లుంటదని నాకేం ఎరుక," అని నవ్వింది. అన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. తర్వాత గుడ్డను ముఖానికి పెట్టుకుని చాలాసేపు తీయలేదు. "సబ్బు వెట్టినా వాని వాసన పోలే, సూడు," అని నాకు అందించింది.

నేను కూడా వాసన చూశాను. "అవునవ్వా," అన్నాను.

ఆ ఒక్క మాట. లుంగీ దాచుకోవడం దుఃఖంలో చేసిన పని అని నాకు నేను చెప్పుకోగలను. కానీ ఈ "అవును"ను ఏమనాలి? ఎంత చదివినా దీనికి నాకు మంచి పేరు దొరకలేదు.

మరుసటి ఎండాకాలం వదిన ఆ బొంతను వేడినీళ్ళలో నానబెట్టి ఉతికింది. గోడ మీద ఆరేసేసరికి నాలుగు వైపులా అంచు కుదించుకుపోయి, బొంత కుచ్చులు పడింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అవ్వ ఒక మూల నుంచి ఇంకో మూల దాకా అంచును వేళ్ళ మధ్య పట్టి నడిచింది.

"పాత గుడ్డ ఎందుకు గుంజుకుంటది?" అంది. నన్ను అడిగిందో తనలో తాను అనుకుందో తెలియదు.

"నీళ్ళు మస్తు ఉడుకున్నయేమో."

అవ్వ నా వైపు తిరిగింది. ఆ చూపు ఎంత దూరం ఆనిందో నాకు తెలియదు. "గట్లనే కావచ్చు తియ్యి," అంది. ఆ సాయంత్రమే అంచు కుట్లన్నీ విప్పింది. నాలుగు రోజులు కూర్చుని అదే గుడ్డను, ఈసారి వదులుగా, మళ్ళీ కుట్టింది.

బొంతలు కుట్టే మనిషికి కొత్త గుడ్డ సంగతి తెలియదా? తెలిస్తే ఎందుకు అడగలేదు? అది కొడుకుది కాదని తెలిసీ ఎవరి కోసం మళ్ళీ కుట్టింది? మనవరాలి కోసమా, నా కోసమా? అడగడానికి నాకు ఇరవై ఒక్క ఏళ్ళు ఉన్నాయి. అడగలేదు.

అన్న కూతురు ఇప్పుడు హుజూరాబాద్‌లో టీచరు. హాస్టల్‌కు పోయినా, అత్తగారింటికి పోయినా ఆ బొంతను వెంట తీసుకుపోయింది. ఇప్పుడు ఆమెకు ఐదో నెల. అవ్వ పోయిన పదో రోజు కర్మ అయ్యాక ఆ పిల్లే బొంతను నాకిచ్చింది.

"అత్తమ్మా, బాపు అంచు చినిగింది. పుట్టేటోళ్ళకు కప్పాలె. నువ్వే మంచి గుడ్డ సూసి వెయ్యి. దీన్ని మాత్రం పారెయ్యకు."

రేపు వస్తుంది.

ఈ వారమంతా రెండు గుడ్డలూ మంచం మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి అన్న కట్టుకున్నది. దానికి ఇప్పుడు ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు. దేని కోసం దాచానో అది ఎప్పుడు పోయిందో కూడా నేను గమనించలేదు. ఇంకొకటి అన్న కట్టుకున్నది కాదు. కానీ దాని నిండా అవ్వ కుట్లు ఉన్నాయి, పుట్టబోయే బిడ్డ తల్లి ఇరవై ఏళ్ళ నిద్ర ఉంది. ఏది సరైన అంచు? ఏమీ చెప్పకుండా అన్న లుంగీని కత్తిరించి వేసేయవచ్చు. అప్పుడు నా తప్పు సరిదిద్దినట్టు అవుతుందా, రెండోసారి చేసినట్టా?

రెండిట్లో దేన్నీ కత్తిరించలేదు. రేపు రెండూ ఆమె ముందు పెడతాను. ఇప్పుడు మీకు చెప్పిందంతా చెబుతాను. ఏమంటుందో తెలియదు. ఏమన్నా పడతాను.

ఈ ఉదయం మాత్రం ఒక పని చేశాను. ముందుగా అన్న లుంగీని జానలతో కొలిచాను. బకెట్‌లో వేడినీళ్ళు పట్టి, ముంచి, సబ్బు పెట్టి ఉతికాను. ఉతికి తే అని కదా అవ్వ చెప్పింది. మధ్యాహ్నానికి తీగ మీద ఆరింది. తీసి మళ్ళీ కొలిచాను. వేలెడంత కూడా తగ్గలేదు.