అత్త కుట్టిన రెక్కలు

మా మేనత్త పోయిన మంగళవారం పొద్దున్న మేం స్థిరపడ్డ బెంగాలీ రైల్వే ఊళ్లో, ఝపటాపూర్‌లోని తన ఇంట్లోనే కన్నుమూసింది. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. ఎనభై దాటిన మనిషి. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. అది తలుచుకుంటే మాకు బాధ సగం తగ్గుతుంది.

రైల్వే క్వార్టర్లున్న ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చాలామంది ఆమెను రైలు సీట్లు కుట్టిన మనిషిగానే ఎరుగుదురు. మామయ్య పోయాక రైల్వే వర్క్‌షాపులో ఆమెకు కుట్టుపని ఇచ్చారు. రిటైరయ్యేదాకా అదే చేసింది. ఆ తర్వాత చేసిన పని సంగతి కొద్దిమందికే తెలుసు. అది విమానం పని.

సుభాష్‌పల్లిలో ఒక బెంగాలీ డాక్టరుగారు ఉండేవారు. రోగుల్లో సగం మంది మన తెలుగువాళ్లే కావడంతో ఆయనకు తెలుగు బాగానే వచ్చు. ఆయన దగ్గర, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలున్న పాతకాలపు విమానం ఉండేది. కర్ర చట్రం, దానిమీద బట్ట. ఆ బట్ట చీకిపోయింది. కొత్తది కుట్టేవాళ్లు దొరక్క అత్తను వెతుక్కుంటూ వచ్చారు.

"రైలు సీట్లు కుట్టినదాన్ని. ఇమానం సంగతి నాకేటి తెలుసు దాదా?" అంది అత్త.

"సూది పట్టడం తెలుసుగా దీదీ. మిగతాది నేను చదివి చెబుతాను," అన్నారాయన.

ఊరి చివర షెడ్డులో పని. ఆదివారాలు నేనూ వెళ్లి దారానికి మైనం రుద్దేదాన్ని. అత్త కుడుతుంటే డాక్టరుగారు పక్కన కూర్చుని విమానం కథ చెప్పేవారు. మొదట అది అస్సాంలో ఒక తేయాకు తోట దొరది. ఒక తోట నుంచి ఇంకో తోటకు దానిమీదే తిరిగేవాడట. తన దేశం వెళ్లిపోతూ ఒక ఫ్లయింగ్ క్లబ్బుకి ఇచ్చేశాడు. క్లబ్బు మూతపడ్డాక ఓ జమీందారు కొడుకు కొని, మేళాల్లో జనాన్ని ఎక్కించి తిప్పేవాడు. ఒకసారి వరిపొలంలో దిగబడి చక్రం విరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక రైసుమిల్లు గోదాములో పడివుంది. డాక్టరుగారు చిన్నప్పుడు మేళాలో దాన్ని చూసి, పొద్దుపోయేదాకా వరసలో నిలబడి, తన వంతు రాకుండానే ఇంటికి వెళ్లారట. అందుకే పెద్దయ్యాక గోదాములో కనబడగానే గుర్తుపట్టి తెచ్చుకున్నారు.

"అందరూ ఎక్కి తిరిగినోలే. దీన్ని ముట్టుకు సూసినోలు మీరే దాదా," అంది అత్త.

మూడు రెక్కలయ్యాయి. నాలుగోది సగమయ్యాక, ఒక సాయంత్రం అత్త ముడులు తడుముతూ ఆగిపోయింది. రెక్కలోని ప్రతి కర్రబద్ద చుట్టూ పొడవాటి సూదితో కుట్టి ముడి వెయ్యాలి. ఆ వారం వేసినవన్నీ వదులుగా పడ్డాయి. పైన బట్టపట్టీ అతికిస్తే ఎవరికీ కనబడవు. అప్పటికే డాక్టరుగారి గుండె బలహీనపడింది. తన కళ్లముందు అది ఎగరాలని ఆయన తాపత్రయం.

"చలేగా దీదీ, ఠీక్ హై, పనికొస్తుంది. నాకు ఎక్కువ టైము లేదు."

"నడిపేది మీరు కాదు దాదా. ఎవులో తల్లి కన్న కొడుకు. పైనుండగా ఈ ముడి ఊడితే ఆ తల్లికి నానేటి సెప్పాల?" అంటూనే అత్త కత్తెర అందుకుని ఆ ముడులు తెంపసాగింది.

ఆయన కోపంగా లేచి వెళ్లిపోయారు. రెండు వారాలు రాలేదు. ఈలోగా ఆయనకేమైనా అయితే, ఆయన కోరికకు తనే అడ్డం పడినట్టవుతుందని అత్త కుమిలిపోయింది. అన్నం సరిగా తినలేదు. అయినా ఒక్క ముడీ తొందరపడి వెయ్యలేదు.

బట్టకు పూసిన వార్నిష్ ఆరి, అది బిగిసిన రోజున డాక్టరుగారు కూతురి చెయ్యి పట్టుకుని వచ్చారు. రెక్కకు చెవి ఆనించి వేలితో కొట్టారు. డప్పులా మోగింది. "బాగుంది," అని కూర్చున్నారు. అత్త ఫ్లాస్కులోంచి టీ పోసింది. ఇద్దరూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అనుమతులు వచ్చాక, ఒక చలికాలం పొద్దున్న విమానం లేచింది. పైలట్ ఒంటరిగా ఒక చుట్టు తిరిగి దిగి, డాక్టరుగారిని ఎక్కించుకున్నాడు. కిందికి దిగాక ఆయన అత్త వైపు చెయ్యి చూపించారు, ఇక నువ్వెక్కు అన్నట్టు. అత్త బెట్టు చెయ్యలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఎక్కేసింది.

"ఏం కనబడిందత్తా?" అన్నాను, దిగాక.

"సెటిల్‌మెంటు ఇంత సిన్నదేటే! మనం కొట్టుకు సచ్చింది ఇందులోనేనా?" అని పకపకా నవ్వింది.

డాక్టరుగారు ఆ తర్వాత రెండేళ్లు బతికారు. ఆయన పోయాక కూతురు ఆ విమానాన్ని, పాత విమానాలను బాగుచేసి ఎగరేసే ఒకాయన చేతిలో పెట్టింది. రెక్కలు విప్పి, కంబళ్లు చుట్టి, లారీకెక్కించారు. పైన కరెంటు తీగలు ఉన్నాయని డ్రైవరు సందులో మెల్లగా నడిపాడు. అత్త ఒక రెక్క అంచు మీద అరచెయ్యి వేసి, లారీ పక్కనే మెయిన్ రోడ్డు దాకా నడిచింది. ఏడుస్తుందేమోనని నేను వెనకే వెళ్లాను. లారీ మలుపు తిరుగుతుంటే చెయ్యి తీసి, కొంగుతో దుమ్ము తుడుచుకుంది. పక్కనున్న బండి దగ్గర పచ్చిమిర్చి ఎక్కువ వేయించుకుని మరమరాల ఝాల్‌మురీ పొట్లం కట్టించుకుంది. ఆ కారానికి ఉస్సుస్సుమంటూ, నాకూ గుప్పెడు పెడుతూ, ఎండలో తీరిగ్గా ఇంటికి నడిచింది.