బంగాళాదుంపలందరినీ స్కూల్‌కి పిలిచిన మా పిన్ని

నిన్న పొద్దున ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్లమ్మ, మా సుభద్ర పిన్ని, నిద్రలోనే వెళ్లిపోయిందట.

నేను తీసుకోవాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది. ఇంకో రెండు దాటాక గానీ కారు ఆపాలన్న స్పృహ రాలేదు.

ఏడుపు వస్తోంది. కానీ పిన్నిని తలచుకుంటే ముందు నవ్వొస్తుంది. ఏం చెయ్యను.

ఎనభైల మొదట్లో పిన్ని ఇర్వింగ్ అనే ఊళ్లో మా ఎలిమెంటరీ స్కూల్ ఫ్రంట్ ఆఫీస్‌లో పనిచేసేది. నేను అక్కడే ఫిఫ్త్ గ్రేడ్. చూస్తుండగానే చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నీ మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలతో నిండిపోయాయి.

పిన్ని రంగు చూసి ఆ తల్లులందరూ ఆమెతో స్పానిష్‌లోనే మాట్లాడేవాళ్లు. ప్రిన్సిపాల్ కూడా తక్కువేం కాదు. మాది తెనాలి అంటే, అది మెక్సికోలో ఏ వైపు అని అడిగాడట.

పేరెంట్స్ మీటింగ్ పెడితే ఆ కుటుంబాల నుంచి ఒక్కరూ వచ్చేవారు కాదు. పిల్లల చదువు వాళ్లకి పట్టదు, ఇక మీటింగులు దండగ అని ఆయన తేల్చేశాడు.

ఇంగ్లిష్‌లో లెటర్లు పంపి రాలేదంటే ఎలా అని పిన్నికి ఒళ్లు మండింది. ఒక్క ఛాన్స్ అడిగింది. లైబ్రరీ నుంచి డిక్షనరీ తెచ్చుకుని తనే స్పానిష్‌లో లెటర్ టైప్ చేసింది.

స్పానిష్‌లో ‘పపాస్’ అనే మాట మీద చిన్న గీత పెడితే తల్లిదండ్రులు. గీత లేకపోతే బంగాళాదుంపలు.

ఆఫీస్ టైప్‌రైటర్‌లో ఆ గీత లేదు.

“గురువారం సాయంత్రం బంగాళాదుంపలందరూ తప్పక రావలెను. పిల్లల చదువు విషయంలో బంగాళాదుంపల అభిప్రాయం మాకు ఎంతో ముఖ్యం.”

గురువారం కెఫెటేరియాలో కుర్చీలు చాల్లేదు.

ముందు వరసలో రోసా అనే ఆవిడ, ఒళ్లో బంగాళాదుంప కూర గిన్నెతో కూర్చుంది. వచ్చీరాని ఇంగ్లిష్‌లో ప్రిన్సిపాల్‌తో అంది: “మీరు పిలిచిన బంగాళాదుంపలం మేమే.”

హాలంతా నవ్వులతో గొల్లుమంది. సంగతి తెలిశాక పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరికంటే ఎక్కువ నవ్వింది.

నవ్వులు ఆగాక రోసా, తన కొడుకు రోజంతా వెనక బెంచీలో బొమ్మలకి రంగులేస్తూ కూర్చుంటున్నాడు, ఎందుకని అడిగింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదన్నాడు ప్రిన్సిపాల్. టీచర్ పనిలో తలదూర్చడం మర్యాద కాదు కదా అందావిడ.

అప్పుడు పిన్ని నవ్వడం మానేసింది.

“మా నాన్న కూడా నా స్కూల్‌కి ఒక్కసారీ రాలేదు సార్. మేష్టారికి అడ్డు రాకూడదని. నా చదువు ఆయనకి పట్టకపోతే నేనిక్కడ కూర్చునేదాన్నా?”

తర్వాతి వారం ఆ పిల్లాడిని రీడింగ్ గ్రూప్‌లో వేశారు. మీటింగులు ఆగలేదు. ప్రతి లెటరూ రోసా చదివి ఓకే అన్నాకే బయటికి వెళ్లేది.

పిన్నీ, ఎన్నో ఏళ్లు అందరినీ లోపలికి రమ్మని పిలిచావు. నిన్నూ అక్కడ ఎవరో ఒకరు అంత ప్రేమగానే పిలిచి కూర్చోబెట్టి ఉంటారు.

హాయిగా ఉండు. ఏ భాషలోనూ ఎవరితోనూ వాదించకు.