డప్పులకు ఏసీ రూము

మెడలో కొత్త ఐడీ కార్డు వేసుకుని తిరిగిన ఆ రోజుల్లో హోటళ్ల గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. (అప్పటికి నేను దిగిన హోటల్ ఒక్కటంటే ఒక్కటి లేదు. మా ఇంట్లో ఏ ఊరు వెళ్లినా చుట్టాల ఇంటికో, లేదంటే ఆ ఊరి పాస్టరు గారింటికో వెళ్లేవాళ్లం.) మట్టెవాడ నుంచి స్కూటీ మీద హన్మకొండలోని ఒక చిన్న ఈవెంట్ల ఆఫీసుకు వెళ్లేదాన్ని. మా బాసుకు మేం చాటుగా పెట్టుకున్న పేరు స్టార్ల సార్. చాయ్ తాగినా ఐదుకు ఎన్ని స్టార్లో తేల్చనిదే గ్లాసు కింద పెట్టేవారు కాదు. చేరిన నెల లోపలే, శని ఆదివారాల్లో జరిగే సంగీత సాంస్కృతిక ఉత్సవం మా ఆఫీసుకు వచ్చింది. గాయకులనూ నర్తకులనూ సీనియర్లు పంచుకోగా, డోర్నకల్ అవతలి పల్లె నుంచి వచ్చే ఏడుగురు డప్పు కళాకారులు నా వంతయ్యారు.

"మంచి హోటల్ చూడు. ఆర్టిస్టుల దగ్గర్నుంచి ఒక్క కంప్లైంట్ వచ్చినా సోమవారం ఆఫీసుకు రాకు" అన్నారు సార్. ఆయన నవ్వుతూ అన్నారో లేదో నాకు అర్థం కాలేదు గానీ నాకు మాత్రం భయం పట్టుకుంది. ఎందుకంటే నాకు ఉద్యోగం రావడం దేవుడు చేసిన మేలని మా అమ్మ చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పి రెండు వారాలు కాలేదు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా సంఘంలో ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకుని వెతికాను. నాలుగు హోటళ్లు తిరిగి, ప్రతి మంచం మీదా కూర్చుని ఊగి చూశాను, నల్లాలన్నీ తిప్పాను, దిండ్లను పిడికిలితో గుద్దాను. చివరికి లిఫ్టూ, బఫే టిఫినూ, మంచులాంటి ఏసీ ఉన్నదాన్ని ఖాయం చేసి, డప్పుల బృందం పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "బిడ్డా, ఆడ ఎండ మంచిగ తగుల్తదా?"

"ఎండ పొడ కూడా సోకదు తాతా! డబుల్ కర్టెన్లు. ఫికరే వద్దు" అన్నాను గర్వంగా. "పొడ సుతం సోకదా?" అని ఆయన ఇంకోసారి అడిగాడు. తరువాత "సరే బిడ్డా, నువ్వు చూసినవంటే మంచిగనే ఉంటది" అని పెట్టేశాడు. అలా రెట్టించి అడగడాన్ని నేను ఆనందం అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం వాళ్లు దిగారు. శనివారం పది గంటలకు వెళ్లేసరికి పెద్దాయన మంచం మీద ఏడు డప్పులు పేర్చుకుని, ఒక్కోదాన్నీ వేలితో తట్టి చూస్తున్నాడు. చప్పుడు తడి బట్టను కొట్టినట్టు వస్తోంది. "రాత్రంత ఏసీల ఉన్నయి గద. తోలు సల్లబడి వదులైంది. ఎండలనన్న పెట్టాలె, మంట మీదనన్న కాగబెట్టాలె. లేకుంటే మోగయి" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బయట చూస్తే మబ్బు పట్టి ముసురు. మంట పెడతామంటే మేనేజరు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. సాయంత్రం ఆరింటికి ఉత్సవాన్ని మొదలుపెట్టాల్సింది ఈ డప్పులే. మా అమ్మ సాక్ష్యం కళ్ల ముందు గిర్రున తిరిగింది.

అప్పుడు నాకొక అద్భుతమైన ఆలోచన వచ్చింది. (నాకు వచ్చిన అద్భుతమైన ఆలోచనల చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ జాలిపడవచ్చు.) రిసెప్షన్‌కు పరుగెత్తి హెయిర్ డ్రయ్యర్లు కావాలన్నాను. "ఎన్ని మేడమ్?" "ఏడు." రిసెప్షన్‌లోని అమ్మాయి లాబీలో కూర్చున్న మా బృందాన్ని ఒకసారి చూసింది. అందులో ముగ్గురికి తల మీద వెంట్రుకన్నది లేదు. అయినా పాపం ఏమీ అనకుండా నాలుగు వెతికి ఇచ్చింది. నాలుగూ పెద్దాయన గదిలోనే పెట్టి ఒకేసారి నొక్కాను. టప్‌మని ఆ అంతస్తు మొత్తం కరెంటు పోయింది.

చీకట్లో నాకు ఏడుపొచ్చింది. "తాతా, ఆ పక్కన బడి ఉంది. ముందర రేకులేసిన చప్టా ఉంది, ఆడ మంట పెట్టుకోవచ్చు. మిమ్మల్ని ఆడికి మారుస్తా" అన్నాను. పెద్దాయన తల అడ్డంగా ఊపి, కర్టెన్ కొంచెం జరిపి, పక్క మంచం మీద నిద్రపోతున్న తమ్ముణ్ణి చూపించాడు. "అగో చూడు, అరవై ఏండ్లల్ల మొదటిసారి పరుపు మీద పండుకున్నడు వాడు. లేపకు బిడ్డా. డప్పుల సంగతి నేను చూస్త. నిన్న రాత్రి పెట్టిన రొట్టెకు బొగ్గు వాసనున్నది. అది కాల్చిన పొయ్యేడున్నదో చూపియ్యి, చాలు."

వంటగది వెనక రేకుల షెడ్డులో ఉంది ఆ తందూరీ భట్టి. రొట్టెలు కాల్చే భాయ్ డప్పులను చూసి, "ఆవో చాచా, జర దూరం పట్టు, తోలు కాలిపోతది" అని తన స్టూలు పెద్దాయనకు వేశాడు. రొట్టెలు ఆగిపోయాయి. ఒక్కో డప్పునూ సెగకు తిప్పుతూ, చెవి దగ్గర పెట్టుకుని తడుతూ, చంటిపిల్లకు కాపడం పెట్టినట్టు కాచాడు పెద్దాయన. చివరిదాని మీద ఒక్క దెబ్బ వేశాడు. గిన్నెలు తోమే అమ్మ తోమడం ఆపేసింది. ఆ చప్పుడుకు స్టార్ల సార్ కూడా వచ్చేశారు! ఏర్పాట్లు చూడటానికి వచ్చి, ఎదురుగా మసి మొహంతో నిలబడ్డ నన్ను చూశారు. "ఏం జరుగుతాంది ఇక్కడ?"

నేను నోరు తెరిచేలోపే పెద్దాయన లేచాడు. "సార్, ఈ పిల్ల మా డప్పుల కోసం సుతం ఆలోచించి హోటల్ చూసింది. భట్టి ఉన్నదాన్నే ఎతికి పట్టింది. మాకేం తక్కువ కాలే."

సార్ నన్ను కొత్తగా చూసి, ఐదుకు ఐదు స్టార్లు ఇచ్చారు. ఆ సాయంత్రం డప్పులు మోగిన తీరుకు చూడటానికొచ్చి వెనక వరసలో కూర్చున్న మా అమ్మ కూడా కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆదివారం బస్సు ఎక్కించేటప్పుడు అడిగాను. "నాకోసం అబద్ధమెందుకు చెప్పినవ్ తాతా?"

"అబద్ధమేడిది బిడ్డా? ఇన్నేండ్లు ఊరూరు తిరిగి కొట్టినం. బడి వరండాలల్ల పండినం. వీళ్లకు సుతం మంచి రూము చూడాలెనని ఒక్కలన్న అనుకున్నరా? నువ్వనుకున్నవ్."

ఆయన మాటకు తలాడించాను గానీ, నిజం చెప్పాలంటే నేనేమీ అనుకోలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. వాళ్లకు ఏం కావాలో అడగాలని కూడా తోచని పిల్లను నేను. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. కానీ ఆ రోజు లేని మంచితనాన్ని ఆ పెద్దాయన నాకు అంటగట్టి వెళ్లాడు. అది అబద్ధం కాకుండా చూసుకోవడమే ఇన్నేళ్లుగా నా ఉద్యోగమైపోయింది. ఆయనకు నేను ఎంత రుణపడి ఉన్నానో చర్చిలో నిలబడి చెప్పాలంటే ఒక ఆదివారం చాలదు.