సైదాబాద్ అత్త ఫోన్ చేస్తేనే గాలి వచ్చినట్టు

మా చిన్నప్పుడు... పురానాపూల్ దగ్గర మా గల్లీకి గాలివాన వస్తుందంటే, అది కూడా ఎర్రబస్సులా ఒక్కో స్టేజీ దాటుకుంటూ వస్తుందని మా ఇంట్లో నమ్మకం.

మాది పాడి ఇల్లు. వెనకాల రేకుల కొట్టం, అందులో బర్రెలు. వాటికి వరిగడ్డి సూర్యాపేట నుంచి లారీలో వచ్చేది. అందుకని చలికాలంలో సముద్రం దిక్కు తుఫాను పుట్టిందని రేడియోలో చెప్పగానే, బాపు ముందు గడ్డి పంపే యాదగిరి మామకు ఫోన్ చేసేవాడు. సూర్యాపేట దాటిందంటే ఇక సైదాబాద్ లెక్క. అక్కడ మా సత్తెమ్మ అత్త ఉండేది... బాపుకు సొంత అక్క. విజయవాడ రోడ్డు అటునుంచే కదా ఊళ్ళోకి వచ్చేది! గాలి కూడా ఆ దారినే రావాలి మరి. అత్త ఫోన్ చేసి "ఒచ్చింది" అంటేనే వచ్చినట్టు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పట్లో మాత్రం రేడియో మాట కంటే అత్త మాటే మాకు గట్టి.

ఆ ఏడు నేను ఐదో తరగతి. మా కాటుక బర్రె నిండు చూలుతో ఉంది. దాని కిందటి ఈతలో దూడ దక్కలేదు. బాపు చాలా రోజులు కాటుక పక్కనే నులకమంచం వేసుకుని పడుకున్నాడు. ఈసారైనా దూడ కళ్ళముందు తిరగాలని ఇంటిల్లిపాదికీ అదే ధ్యాస... సరిగ్గా అప్పుడే ఈ తుఫాను.

పొద్దుగూకే వేళ సూర్యాపేట నుంచి మామ ఫోన్ వచ్చింది. "బావా, ఈడ రేకులు లేస్తున్నయ్. మీ దిక్కే ఒస్తున్నది, పైలం!"

బాపు, ఎదురుగా చాయ్ హోటల్ నడిపే యూసుఫ్ చాచా కలిసి కొట్టానికి తూర్పు పక్కంతా తాళ్ళు బిగించారు. గడ్డిమోపులు అడ్డం పేర్చారు. రేకుల మీద బండలెత్తారు. మూసీ ఉన్న ఉత్తరం పక్కను ఒక్కరూ పట్టించుకోలేదు. అటు విజయవాడ లేదు కదా!

ఆ రాత్రి అందరం ముందు గదిలో ఫోన్ చుట్టూ చేరాం. అమ్మ చాయ్ పెడుతూనే ఉంది. చాచా గొంగడి కప్పుకుని గాలి ఎందాక వచ్చిందని మాటిమాటికీ అడుగుతాడు... "క్యా భాయ్, హవా కహా తక్ ఆయీ?"

"అక్క ఇంక ఫోన్ జేయలే," అనేవాడు బాపు.

బయట రేకులు గలగలమంటున్నాయి. నేను భయంగా చూస్తే, "అది ఉత్త చలిగాలి బిడ్డా, ఫికర్ జేయకు," అన్నాడు.

ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది... ఉత్తరం పక్క రేకు ఫెళ్ళున లేచి గోడకు కొట్టుకుంది. కరెంటు పోయింది. కొట్టంలో కాటుక అరుపు! బాపు, చాచా పరుగెత్తారు. బెదురుకు దానికి నొప్పులు కూడా మొదలయ్యాయి. ఇద్దరూ దాన్ని తోసుకుంటూ, బతిమాలుకుంటూ తెచ్చి మా ముందు గదిలోనే నిలబెట్టారు. గోడ మీద దేవుడి పటాలు, కింద బర్రె, పక్కన లాంతరు పట్టుకుని అమ్మ.

అప్పుడు మోగింది ఫోన్. నేనే పరుగెత్తి తీశాను... అత్త.

"ఒచ్చిందా బిడ్డా? మా తాన ఆకు గూడ కదుల్తలేదు. నేను చెప్పేదాక ఎవ్వరు పండుకోకుండ్రి!"

"అత్తా, గాలి ఎప్పుడో ఒచ్చింది! కాటుక ఈనుతున్నది!" అని అరిచాను.

అత్త వెంటనే అందుకుంది. "ఫోన్ పెట్టకు. నేనడిగింది మీ బాపును అడుగు. ముందుకాళ్ళు ఒచ్చినయా? మూతి గనవడుతున్నదా?"

అటు అత్త అడగడం, ఇటు బాపు చెప్పడం, మధ్యలో నేను. "గుంజొద్దను, అదే ఒస్తది... నోట్ల జిగురు తియ్యమను... గడ్డితోని రుద్దమను, గట్టిగ!"

దూడ కిందపడింది. కదల్లేదు. చాచా తన గొంగడి తీసి దూడ మీద వేసి ఒళ్ళంతా రుద్దాడు... రుద్దుతూనే ఉన్నాడు. చివరికి అది తుమ్మింది.

"తుమ్మింది అత్తా! దుడ్డె పుట్టింది!"

"ఫోన్ దాని మూతికాడ పెట్టు బిడ్డా."

పెట్టాను. దూడ సన్నగా అరిచింది. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే అటునుంచి చప్పుడే లేదు. "అత్తా, ఉన్నవా?" అన్నాను. "ఉన్న బిడ్డా..." అంది. ఏడుస్తోంది. బర్రెల మధ్య పెరిగిన మనిషి, ఒక పలుపు కట్టేందుకు కూడా జాగా లేని ఇరుకింట్లోకి కాపురానికి వెళ్ళింది. ఆమెకు పుట్టిల్లంటే ఆ అరుపే అని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

మూడోనాడు జున్ను తీసుకుని సైదాబాద్ వెళ్తే, అత్త గిన్నె అందుకుంటూ బాపును నిలదీసింది. "ఏందిరా, గాలి నన్ను అడగకుండనే మీ ఇంటికి ఒచ్చిందా?"

అయినా మా పద్ధతి మారలేదు. ఆ తర్వాత కూడా ప్రతి చలికాలం అత్త ఫోన్ కోసమే కూర్చునేవాళ్ళం. గాలి ఎటునుంచి వస్తుందో తెలిసిపోయాక కూడా...

ఇప్పుడు బర్రెలు చాంద్రాయణగుట్ట అవతలికి వెళ్ళిపోయాయి. కొట్టం జాగాలో మూడంతస్తులు లేచాయి. బాపు లేడు. చాచా లేడు. అత్త కూడా పోయింది. తుఫాను ఎక్కడుందో సెల్‌ఫోన్‌లో రంగురంగుల బొమ్మ చూపిస్తుంది... అంతా చూసి, కిటికీలు మూసి పడుకోవడమే.

ఈ రాత్రి కూడా మూసీ మీద గాలి లేచింది. "మీ దిక్కు ఒచ్చిందా?" అని మీ ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు ఎవరుండేవారో రాయండి... చదువుతాను. అత్త ఇంకా చెప్పలేదు కదా, నేను పడుకోలేదు.