ఎండ రాని పట్నం, ఆఖరి భాగం

ఆ రోజుల్లో కోటలాంటి మా దొరల గడి పైకప్పు కూలిపోయింది గాని, నా నడుము మాత్రం వంగలేదు. పొలాలు చేతులు మారాయి, నేను జమ్మికుంట పత్తి మార్కెట్లో రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేరాను. (బంధువులకు మాత్రం 'పత్తి వ్యాపారం చూసుకుంటున్నాను' అని రాసేవాణ్ణి.) పల్లెల నుంచి బండ్లు తోలుకొచ్చే ముసలి రైతులు నన్ను చూడగానే పాత అలవాటు కొద్దీ లేచి నిలబడేవారు. నేను వద్దనేవాణ్ణి కాదు. మాకు మిగిలిన ఆస్తి అదొక్కటే మరి.

అప్పుడు ఊరినంతా ఒక నాలుగు భాగాల నవల పట్టుకుంది. రాబోయే కాలంలో ఒక పట్నం, దాని మీద ఇనుప కప్పు, జనానికి ఎండ కూడా రేషన్ మీదే. పడుచువాళ్లు తిరగబడి మూడో భాగం చివర కోట తలుపు ముందుకు చేరతారు. తాళంచెవి లోపల ఏలిక కొడుకు చేతిలో ఉంటుంది. వాడు తీస్తాడా, తీయడా? ఊరంతా బయటి పిల్లల కోసం బెంగపడితే నేను ఆ కొడుకు కోసం బెంగపడ్డాను. (ఎందుకో వేరే చెప్పాలా?) మూడు భాగాలూ ఒక స్నేహితుడు రహస్యంగా తెచ్చిచ్చాడు. ఆఖరిది వచ్చేలోగా అతను ఉద్యోగానికని కాగజ్‌నగర్ వెళ్లిపోయాడు. అద్దె పుస్తకాల షాపుకు నేనే పోవచ్చు. కాని ఆ షాపతనితో ఒకసారి, "మా ఇంట్ల గిసొంటి పుస్తకాలు ముట్టరు" అని గట్టిగా చెప్పి ఉన్నాను.

ఆ షాపుకు ఆఖరి భాగం ఒక్కటే ప్రతి వస్తే, అది మార్కెట్ తూకందారు కూతురికి దొరికింది. ఇంటర్ చదివే ఆ పిల్లను యార్డులో అందరూ రేడియో అనేవారు. వేలం కోసం ఎదురుచూసే రైతులకు బండి మీద కూర్చుని గట్టిగా చదివి వినిపించేది. నేను చీటీల పుస్తకం చంకలో పెట్టుకుని, ఏదో పనున్నట్టు అటు నడిచాను. 'తాళంచెవి బిగించి పట్టుకుని ఆ కుర్రవాడు తలుపు దగ్గరికి...' అంతలో ముసలాళ్లు లేచారు. చదవడం ఆగింది. నేను గంభీరంగా ముందుకు సాగిపోయాను. చుట్టు తిరిగి వచ్చాను. మళ్లీ లేచారు. మూడోసారి పత్తి కుక్కిన బోరాల వెనక నక్కాను. ముక్కులోకి పత్తి దూరి తుమ్మాను. బోరాల అవతల అందరూ లేచిన చప్పుడు!

రేడియో పుస్తకం మూసింది. "దొరా, మీరొస్తె ఈళ్లు లేస్తరు, ఈళ్లు లేస్తె నేనాపాలె. జర గూసుంటరా, పోతరా? పొద్దుమీకేవరకు పుస్తకం వాపసియ్యాలె."

"కుర్చేది?" అన్నాను.

"మీరు కుర్చీల గూసుంటె ఈళ్లు కింద గూసోరు. గదే కదా పరేషాన్!"

ఒక ముసలి రైతు తువ్వాలతో బోరాను దులిపాడు. "రా దొరా, గీడ మెత్తగుంటది."

నడుము వంచడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కూర్చున్నాను. ఆయన నా పక్కనే, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు. మా వంశంలో అది మొదటిసారి.

రేడియో మళ్లీ పుస్తకం తెరిచి చదివింది. ఏలిక కొడుకు తాళం తిప్పాడు. తలుపు తీస్తే అవతల ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూస్తే, జనం ఎప్పుడో పక్క గోడ పడగొట్టి లోపలికొచ్చి, ఇనుప కప్పు విప్పేసి ఎండలో కూర్చుని ఉన్నారు. వాణ్ణి చూసి ఒక అమ్మాయి కాస్త జరిగి చోటిచ్చింది. అంతే, నవల అయిపోయింది.

"గింతదానికా, గన్ని దినాలు నీలిగిండు?" అన్నాడు నా పక్కాయన. అందరూ పకపకా నవ్వారు. ఆయన అన్నది నవలలో పిల్లవాణ్ణే. (అప్పుడలాగే అనుకున్నాను.) నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

నేను లేస్తుంటే ఆయనా లేవబోయాడు. "కూసో కాకా" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. ప్యాంటుకు అంటిన పత్తి దులుపుకోవడం కూడా మరిచిపోయి దుకాణానికి వెళ్లాను.

ఇప్పుడు నాది ఆయన వయసు. కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యివ్వనిదే లేవలేను. యార్డు వైపు వెళ్తే నన్ను చూసి ఎవరూ లేవరు. కాస్త జరుగుతారు.